నాన్న మోటారు బల్ల, నా ఫిజిక్స్ బ్యాక్

పరీక్ష తప్పి ఆ సబ్జెక్టు మళ్లీ రాయాల్సి వస్తే ఆంధ్రలో సప్లీ అంటారు, మా ఒడిశాలో బ్యాక్ అంటారు. ఏ పేరుతో పిలిచినా మొదటిసారి పడ్డప్పుడు కడుపులో ఒకేలా తిప్పుతుంది. బీటెక్ మొదటి సెమిస్టర్ ఫిజిక్స్‌లో నాకు బ్యాక్ పడింది. క్లాసులు మొదలైంది 2024 సెప్టెంబరు 9న, బ్యాక్ వదిలింది 2025 జులై 11న. ఈ పది నెలల్లో ఏమేం జరుగుతుందో ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు సగం ఏడుపు తప్పేది.

మాది పర్లాకిమిడి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ప్లస్ టూ సైన్స్ ఇంగ్లిషులో. జేఈఈ మెయిన్ ర్యాంకు గొప్పగా చెప్పుకునేది కాదు, బరంపురం వైపు ఒక కాలేజీలో సీటొచ్చింది. నాన్నకి ఊళ్లో మోటారు వైండింగ్ షాపు ఉంది. ఎండాకాలం ఫ్యాన్లు, మిగతా రోజుల్లో పొలాల పంపు మోటార్లు. ఆయన చదివింది ఏడో తరగతి. నేను ఇంజనీరింగ్‌లో చేరిన రోజు షాపు మూసేసి హాస్టల్ దాకా వచ్చి, గదిలో ఫ్యాన్ వేసి చూసి, "బేరింగు పోయింది, చెప్పు వాళ్లకి" అని వెళ్లిపోయారు.

మొదటి నెల హాయిగా గడిచింది. అదే అసలు ప్రమాదం. మా సారు బాగానే చెప్పేవారు. సూత్రాలు ఇంగ్లిషులో, వివరణ ఒడియాలో, జోకులు మాత్రం పూర్తిగా ఒడియాలో. నాకొచ్చింది బజారు ఒడియా. జోకులకి అందరూ నవ్వాక నవ్వేదాన్ని. అయినా బోర్డు మీద లెక్క చేస్తుంటే ప్రతి లైనూ అర్థమయ్యేది. కప్పీ, తాడు, రెండు దిమ్మెల లెక్క ఆయన నాలుగు నిమిషాల్లో ముగించేవారు, నేను మూడు రంగుల పెన్నులతో ఎక్కించుకునేదాన్ని. నా నోట్సు క్లాసంతా జిరాక్సు తీసుకునేది. అందులో సగం మంది పాసయ్యారు కూడా.

అక్టోబరు 4న మొదటి ఇంటర్నల్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష. ఇరవైకి నాలుగు వచ్చాయి.

లెక్క ఇదీ. నున్నటి బల్ల మీద 2 కిలోల దిమ్మె, దానికి కట్టిన తాడు కప్పీ మీదుగా కిందికి, చివర 1 కిలో దిమ్మె వేలాడుతోంది. త్వరణం ఎంత, తాడులో తన్యత (తాడు లాగే బలం) ఎంత? తన్యత 9.8 న్యూటన్లని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రాశాను. కిలో బరువు వేలాడుతోంది, తాడు దాన్ని మోస్తోంది, ఇంకేముంటుంది? కానీ తాడు 9.8 న్యూటన్లతో పైకి లాగుతుంటే ఆ దిమ్మె కిందికి దిగడం మొదలే పెట్టదు కదా. అది దిగుతోందంటేనే తాడు అంతకంటే తక్కువతో లాగుతోందన్నమాట. సరైన జవాబు 6.53. ఒక్కో దిమ్మెని విడదీసి, దాని మీద పనిచేసే బలాలు మాత్రమే బాణాలుగా గీసి, ఒక్కోదానికి ఒక సమీకరణం రాసుకుంటే రెండు లైన్లలో వస్తుంది. సారు పదిసార్లు గీసి చూపించారు. నా నోట్సులోనూ పదిసార్లు ఉంది. నేను సొంతంగా ఒక్కసారీ గీయలేదు.

ఇంకో రెండు మార్కులు క్యాలిక్యులేటర్ తినేసింది. చేరిన వారంలోనే రూ.1,300 పెట్టి సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ కొన్నాను. డోలనాల (అటూ ఇటూ ఊగే ఊపుల) లెక్కలో x = 5 cos 4t, అర సెకను దగ్గర x ఎంత అని అడిగారు. నాకు 4.997 వచ్చింది. రావలసింది −2.08. ఇలాంటి చోట కోణం రేడియన్లలో (కోణానికి డిగ్రీలు కాక ఇంకో కొలత) ఉంటుంది, నా క్యాలిక్యులేటరేమో డిగ్రీల్లో ఉంది. కొత్తది మామూలుగా డిగ్రీల్లోనే తెరుచుకుంటుందని, తెర మీద ఓ మూల చిన్న అక్షరం చూసుకోవాలని దుకాణంవాడూ చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. మీరు ఇంకేమీ చదవకపోయినా ఇదొక్కటి చూసుకోండి.

దసరా సెలవులకి అక్టోబరు 9న ఇంటికెళ్లాను. బరంపురంలో బస్సెక్కితే ఇచ్ఛాపురం, పలాస మీదుగా ప్రయాణం. ఒడిశాలో ఎక్కి, ఆంధ్రలోంచి వెళ్లి, మళ్లీ ఒడిశాలో దిగుతాం. దారంతా నాలుగు మార్కుల సంగతి ఎలా చెప్పాలా అని ఆలోచించి, చివరికి చెప్పలేదు. చెప్పకుండా షాపులో కూర్చున్నాను.

నాన్న కాలిపోయిన మోటారు లోంచి పాత తీగ ముక్క తీసి, బ్లేడుతో పైనున్న ఎనామిల్ గీకి, మైక్రోమీటరుతో కొలుస్తున్నారు. మా ల్యాబులో స్క్రూ గేజి అంటే అదే. ల్యాబులో దాంతో నేను తెగ తడబడ్డాను, ఇది మాత్రం చిన్నప్పటి నుంచి మా షాపులో మేకుకి వేలాడుతూనే ఉంది! నేను కొలుస్తానని తీసుకుని 0.21 మిల్లీమీటర్లన్నాను. నాన్న తీగని వేళ్ల మధ్య ఒకసారి తిప్పారు. "ఇది 22 గేజీ తల్లీ. 0.71 ఉండాల."

ల్యాబులో ఉన్న స్క్రూ గేజి తల ఒక చుట్టు తిరిగితే 1 మిల్లీమీటరు జరుగుతుంది. నాన్నది చుట్టుకి అర మిల్లీమీటరే. కాబట్టి కడ్డీ మీద అర మిల్లీమీటరు గీత బయటపడిందా లేదా చూసుకోవాలి. నేను చూడలేదు, అందుకే సరిగ్గా 0.5 తగ్గింది. సున్నా దోషం సంగతీ ఆయనకి తెలుసు, పేరే తెలియదు. "మూసినా రెండు గీతలు ఎక్కువ సూపిత్తాది, అవి తీసెయ్యాల" అంటారు. ఎనామిల్ ఎందుకు గీకాలంటే, దాంతో కలిపి కొలిస్తే తీగ అసలు కన్నా లావు కనిపిస్తుంది, అప్పుడు కొత్త తీగ తప్పు గేజిది కొనేస్తాం, నష్టం జేబుకి. ల్యాబు మాన్యువల్లో రెండు పేజీలున్న జాగ్రత్తలకి కారణాలు ఆ మధ్యాహ్నం అర్థమయ్యాయి.

నవంబరంతా ల్యాబులు. రికార్డు పుస్తకం, గ్రాఫు కాగితాలు, ముందు పేజీలకి ప్రింటు, అన్నీ కలిపి రూ.340. న్యూటన్ వలయాల ప్రయోగం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. గాజు పలక మీద కటకం పెట్టి, పైన మైక్రోస్కోపుని స్క్రూతో జరుపుతూ, కనిపించే వలయాల వ్యాసాలు కొలవాలి. సోడియం దీపం వేయగానే ఎర్రగా వెలుగుతుంది, పసుపు రంగు కుదురుకోవడానికి పది నిమిషాలు. మేం పన్నెండు మందిమి, పనిచేసే మైక్రోస్కోపులు రెండే, రెండు గంటల ల్యాబులో నా వంతు వచ్చేసరికి ముప్పావు గంట మిగిలింది. మధ్యలో నల్లటి చుక్క, చుట్టూ సన్నటి పసుపు వలయాలు. మొదటిసారి కంటికి కుదిరినప్పుడు ఎంత అందంగా ఉందో! ఆ తర్వాత వాటిని లెక్కపెట్టడం మొదలవుతుంది, అందమంతా పోతుంది. ఒక వలయం దాటిపోయిందని స్క్రూ వెనక్కి తిప్పాను, మళ్లీ ముందుకి తిప్పాను. గదికి వచ్చి గీస్తే, వ్యాసం వర్గానికీ వలయం సంఖ్యకీ మధ్య తిన్నటి గీత రావలసింది మెట్లు మెట్లుగా వచ్చింది.

ల్యాబు సహాయకుణ్ణి మేమంతా భాయినా (అన్నయ్యా) అంటాం. ఆయన గ్రాఫు చూసి ఒక్క మాట అడిగారు, వెనక్కి తిప్పావా అని. స్క్రూ మరకి కొంచెం వదులుంటుంది. దిశ మార్చినప్పుడు తల తిరుగుతుంది కానీ మైక్రోస్కోపు కదలదు. అందుకే ఒక చివర నుంచి మొదలుపెట్టి ఒకే వైపు పోవాలి. దాన్ని బ్యాక్‌లాష్ దోషం అంటారు. బ్యాక్ అన్న మాట ఆ ఏడాది నా జాతకంలోనే ఉన్నట్టుంది.

వైవాలో (నోటి పరీక్షలో) మధ్య చుక్క ఎందుకు నల్లగా ఉంటుందని అడిగారు. కటకం కింది గాజుని తాకేచోట గాలి పొర మందం సున్నా, కింది గాజు నుంచి పరావర్తనం చెందేటప్పుడు అర తరంగం తేడా వస్తుంది, అందుకని గాలి పొర పై అంచు నుంచీ కింది అంచు నుంచీ తిరిగొచ్చే రెండు కిరణాలూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. గడగడా చెప్పేశాను. "పైనుంచి కాక, అవతలి వైపుకి దాటి వచ్చే కాంతిలో చూస్తే?" నోరు మూతపడింది. అటువైపు చూస్తే మధ్యలో వెలుగు చుక్క ఉంటుంది. బట్టీ పట్టినదానికి అవతలి వైపు ఉండదు కదా.

డిసెంబరులో రెండో ఇంటర్నల్, ఇరవైకి తొమ్మిది. భయమేసి, ఒక ట్యూషన్‌లో నెలకి రూ.3,000 కట్టి చేరాను. వాళ్లు ప్రశ్నలు, జవాబులు కట్టగా ఇచ్చారు. అవే బట్టీ పట్టాను. నెల తిరిగాక మానేశాను. ఆ మూడు వేలూ బూడిదలో పోసిన పన్నీరు.

2025 జనవరి 9న పరీక్ష. బలాత్కృత డోలనాలకి (బయటి తోపుతో వచ్చే ఊపులకి) సమీకరణం రాసి, కంపన పరిమితి (ఊపు ఎంత పెద్దదో) రాబట్టి, అనునాదం (తోపు సొంత ఊపుతో కలిసి ఊపు పెరిగిపోవడం) వివరించి, గ్రాఫు గీయమన్నారు. నాకు కంఠతా వచ్చిన ప్రశ్న. మొదలుపెట్టిన ఆరో లైనులో ఒక పదం ప్లస్సా మైనస్సా అని అనుమానం వచ్చింది. ఏదైతే అదని ప్లస్ పెట్టాను. అక్కడి నుంచి ఎంత తిప్పినా పుస్తకంలో ఉన్న చివరి రూపం రాలేదు. రెండు పేజీలు కొట్టేశాను. గంట పోయింది. హాలు బయటికొచ్చాక అందరూ జవాబులు సరిచూసుకుంటుంటే చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు తీసుకున్నాను.

ఫలితం మార్చి 10న, సరిగ్గా అరవై రోజులకి. ఈ అరవై రోజులూ తేలనివ్వవు, ముంచవు. రెండో సెమిస్టర్ క్లాసులు నడిచిపోతుంటాయి, మనం పాసయ్యామో లేదో తెలియదు. ఆ రోజు వెబ్‌సైటు మధ్యాహ్నం నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరుచుకోలేదు. తెరుచుకున్నాక ఐదు సబ్జెక్టులు బాగానే ఉన్నాయి, ఫిజిక్స్ ఎదురుగా ఎఫ్ ఉంది. ఆస్కా నుంచి వచ్చిన నా గది నేస్తం ఏమీ అనకుండా నా బకెట్లో నీళ్లు పట్టి తెచ్చి పెట్టింది. ఎందుకో తెలియదు. మొహం కడుక్కున్నాను.

బ్యాక్ ఫారం సంగతి వేరే పురాణం. మాకు పద్నాలుగు రోజుల గడువు ఇచ్చారు. రుసుము రూ.500. ఆన్‌లైన్‌లో కడితే డబ్బు పోయింది, రసీదు రాలేదు. మళ్లీ కడితే మళ్లీ పోయింది. ఒకటి పందొమ్మిది రోజుల తర్వాత వెనక్కి వచ్చింది. ప్రతి అడుగునా తెర ఫొటో తీసి పెట్టుకోండి, ఆఫీసు కిటికీ దగ్గర అవే అడుగుతారు. ఇంకో సంగతి, బ్యాక్ రాసినా మా దగ్గర పాత ఇంటర్నల్ మార్కులే ఉంటాయి. నా నాలుగూ తొమ్మిదీ నా వెంటే వస్తాయన్నమాట. ఇది తెలిసిన రోజు ఫలితం వచ్చిన రోజు కన్నా ఎక్కువ బాధపడ్డాను.

హోలీకి ఇంటికెళ్లి నాన్నతో చెప్పాను. రెండే ప్రశ్నలు అడిగారు. "ఏడాది పోతాదా?" పోదన్నాను. "ఫీజు ఎంత?" ఐదొందలన్నాను. "సరే, ఆ మోటారు ఇటియ్యి" అన్నారు. అమ్మ మాత్రం ఇంట్లోంచే, పరీక్ష నాడు శనగలు తినొద్దంటే తిన్నావని మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం నాన్న కొత్తగా చుట్టిన ఒక హెచ్‌పీ మోటారుని బల్ల మీద బిగించి పరీక్షిస్తున్నారు. ఇనుప యాంగిల్ కాళ్లు, పైన టేకు పలక. స్విచ్చి వేస్తే మోటారు రయ్యిమంది, బల్ల నిమ్మళంగా ఉంది. స్విచ్చి తీశారు. వేగం తగ్గుతూ, తగ్గుతూ, ఒకచోట బల్ల ఒక్కసారిగా దడదడా వణికింది. రేకు డబ్బాలో నట్లూ బోల్టులూ గలగలలాడాయి. రెండు మూడు క్షణాలే. తర్వాత మళ్లీ నిశ్శబ్దం, మోటారింకా తిరుగుతూనే ఉంది. నా చిన్నప్పటి నుంచీ ఆ గలగల వింటున్నాను. ఆగేముందు మోటారు అలా అంటుందంతే అనుకునేదాన్ని.

"మళ్లీ వెయ్యి నాన్నా."

ఆరుసార్లు వేయించాను. ఆ మోటారు నిమిషానికి దాదాపు 1,440 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 24. రోటరులో ఏ కాస్త బరువు తేడా ఉన్నా, చుట్టుకొకసారి బల్లని తోస్తుంది. సెకనుకి 24 తోపులంటే బల్లకి అందుకోవడం చేతకాదు, అందుకే ఊరుకుంటుంది. వేగం తగ్గి, ఆ తోపులు బల్ల సొంత ఊపుతో కలిసినచోట వణుకు. ఇంకా తగ్గాక మళ్లీ ఏమీ లేదు. పరీక్షలో గీయలేక కొట్టేసిన గ్రాఫు నా ఎదురుగా నట్లూ బోల్టులతో మోగుతోంది. మరి స్విచ్చి వేసినప్పుడు ఎందుకు వణకలేదు? అప్పుడూ ఆ వేగం దాటే పోతుంది కానీ, రెప్పపాటులో దాటుతుంది, వణుకు పెరిగే వ్యవధి ఉండదు. బల్ల మీద రెండు పాత మోటార్లు పెట్టి చూశాను. వణుకు ఆలస్యంగా, ఇంకా నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు వచ్చింది. బరువు పెరిగితే సొంత పౌనఃపున్యం (సెకనుకి ఎన్ని ఊపులన్నది) తగ్గుతుందని నోట్సులో ఆకుపచ్చ పెన్నుతో రాసుకున్నాను, ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

నాన్న నన్ను వింతగా చూశారు. "దీనికేనా తప్పినావు?"

అవునన్నాను. ఆయనకి నవ్వొచ్చింది, నాకు ఏడుపొచ్చింది.

హాస్టల్‌కి తిరిగొచ్చాక చదివే తీరు మారింది. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి డాబా మీదికి వెళ్లి, పుస్తకం మూసేసి, ఒక లెక్కని గది నేస్తానికి తెలుగులో చెప్పేదాన్ని. అది ఒడియా పిల్లే కానీ తెలుగు సగం అర్థమవుతుంది. దాని పనల్లా మధ్యలో "కాహింకి?" అనడం. ఎందుకు అని. మోటారు తోపు ప్రతి వేగానికీ ఒకేలా ఉంటుందా అని అది అడిగితే తెల్లమొహం వేశాను. ఉండదు. తిరిగే బరువు తోపు వేగం వర్గంతో పెరుగుతుంది, పుస్తకంలో తోపు పరిమాణం మాత్రం మారకుండా ఉంటుంది. కాబట్టి నాన్న బల్ల గ్రాఫూ పుస్తకం గ్రాఫూ ఒకటి కావు. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. అది పరీక్షలో రాదు, అయినా ఆ రెండు రాత్రులకి నేను బాధపడను.

తెలుగులో చెబుతుంటే తెలియనిది దాక్కోదు. ఇంగ్లిషులో "రెస్టోరింగ్ ఫోర్స్" అని దాటేసేదాన్ని. తెలుగులో వాక్యం పూర్తి చేయాలంటే ఎవరు ఎవర్ని ఎటు లాగుతున్నారో చెప్పి తీరాలి. 1880లో ఉద్యోగానికి మా ఊరొచ్చిన గిడుగు రామమూర్తి గారు, తర్వాత చదువు వాడుక భాషలో ఉండాలని పోట్లాడారు. ప్రతి ఆగస్టు 29న బడిలో ఆయన మీద వ్యాసం రాయించేవారు. నేను ఏటా బట్టీ పట్టిన వ్యాసమే రాశాను.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ దంచేసింది. మెస్సులో పొఖాళ (నీళ్లు పోసిన చద్దన్నం) పెట్టేవారు, తింటే నిద్ర. రోజుకి ఐదు లెక్కలన్నది నా లక్ష్యం, సగటున మూడు అయ్యాయి. చేసిన ప్రతి లెక్కకీ బొమ్మ గీశాను, తాడు ఒకవైపు, బరువు ఒకవైపు, నా ముక్కు నేలకి రాసేదాకా. క్వాంటం యూనిట్ పూర్తిగా వదిలేశాను, నిజం చెబుతున్నాను. పెట్టెలో కణం లెక్క ఒక్కటే చేసి వెళ్లాను.

మే 20న బ్యాక్ పరీక్ష. అదే రోజు పొద్దున రెండో సెమిస్టర్ గణితం, మధ్యాహ్నం ఫిజిక్స్. బ్యాక్ పరీక్షలు మామూలు పరీక్షల మధ్యలోనే దూరతాయని ముందు తెలియదు, టైంటేబుల్ వచ్చేసరికి పదకొండు రోజులే ఉంది. మధ్యలో దొరికిన గంటన్నరలో అరటిపళ్లు తిని, చెట్టు కింద కళ్లు మూసుకుని కూర్చున్నాను. పేపర్లో ఈసారి అవరుద్ధ డోలనాలు (పోనుపోను తగ్గిపోయే ఊపులు) వచ్చాయి, బలాత్కృతం రాలేదు. కొంచెం కోపమొచ్చింది కూడా. అయినా మొదటి సమీకరణం రాసుకుంటూ పోతే మిగతాది నడిచింది. ఒకచోట గుర్తు మీద అనుమానం వచ్చింది. ఈసారి ఆగి, కాలం గడిచేకొద్దీ ఊపు తగ్గాలా పెరగాలా అని నన్ను నేనే అడిగాను. తగ్గాలి, కాబట్టి మైనస్.

యాభై రెండు రోజులకి, జులై 11న ఫలితం. పాసయ్యాను. గ్రేడు చెప్పుకునేది కాదు, పాత ఇంటర్నల్ కిందికి లాగేసింది. నాన్నకి ఫోన్ చేస్తే "మంచిది" అని, బల్ల కాళ్ల కింద పాత టైరు ముక్కలు వేశానని, ఇప్పుడు గలగల బాగా తగ్గిందని చెప్పారు. వణుకు ముందొస్తోందా, ఆలస్యంగా వస్తోందా అని అడిగాను. "అది నేను సూళ్లేదు, నువ్వొచ్చి సూసుకో" అన్నారు.

మార్కుల జాబితాలో ఇంకా ఎఫ్ అనే ఉంది. కొత్తది కావాలంటే పాత అసలు కాగితం అప్పగించాలి, దరఖాస్తు పెట్టాలి, రూ.200 కట్టాలి. జులై 16న మూడూ చేశాను. వచ్చే వారం రమ్మన్నారు. వెళ్తే వచ్చే వారం అన్నారు. రేపు వెళ్తే మూడోసారి.